సున్నపు బట్టీ మలుపులో ఆరిన దీపాలు

ఇంగ్లండులో, మా యార్క్‌షైర్‌లో సున్నపు బట్టీ మలుపుకి మంచి పేరు లేదు. ఎప్పుడో ఒక బండివాడు ఆ బట్టీలో పడి కాలిపోయాడనీ, అప్పట్నించీ అటు వచ్చే దీపాలన్నీ ఆర్పేస్తాడనీ అంటారు. నేను కాలేజీలో భౌతికశాస్త్రం చదివినవాణ్ణి, నమ్మను. కానీ పొద్దుగూకాక ఆ దారిన పోను... అది వేరే సంగతి.

విల్ఫ్ హేగ్ నాకు పబ్బులో చెప్పిందే చెబుతున్నాను. ఆయన కారు పందొమ్మిది వందల యాభైల నాటిది. భార్య నోరా ముచ్చటపడి కొనిపించింది. (ఆవిడ రుబార్బ్ కాడలతో చేసే ‘పై’ అనే తీపి వంటకం గురించి మొదలుపెడితే ఇంకో పూట పడుతుంది.) ఆవిడ పోయాక ఆయనకు మిగిలిన తోడు ఆ కారే.

ఆ చలికాలం విల్ఫ్, చిన్ననాటి స్నేహితుడు క్లెమ్ కలిసి బ్యాండు సాధనకు పోయి, అదే దారిన తిరిగొచ్చేవాళ్లు. మలుపు తిరగగానే — హెడ్‌లైట్లు రెండూ ఆరిపోయేవి. చిమ్మచీకటి... ఇంజన్ మాత్రం ఆడుతూనే ఉండేది. కారులో వైరింగు పని ఏదున్నా క్లెమ్‌దే. దిగి, బానెట్ ఎత్తి, ఏదో కదిపి, ఫ్యూజు పోయింది, వేరేది వేశాననేవాడు. వాడు లోపలికొచ్చి కూర్చోగానే వెలుగొచ్చేది.

మూడోసారికి విల్ఫ్ ఇక కారు అమ్మేస్తానన్నాడు. దెయ్యం పట్టిన కారు ఎవరు కొంటారు? స్నేహం కొద్దీ తానే తీసుకుంటానన్నాడు క్లెమ్, కారుచౌకగా.

ఇదంతా విని నేనొక్కటే అడిగాను.

"ఏ ఫ్యూజు మార్చాడయ్యా?"

ఆ కార్లో ఉన్నవే రెండు గాజు ఫ్యూజులు. ఒకటి హారన్‌కి, ఇంకోటి వైపర్లకీ వాటికీ. హెడ్‌లైట్లకు అసలు ఫ్యూజే పెట్టలేదు — అది కాలితే నడిరోడ్డు మీద డ్రైవరు గుడ్డివాడైపోతాడని. లేని ఫ్యూజు ఎలా పోతుంది?

విల్ఫ్ గ్లాసు కింద పెట్టాడు.

మర్నాడు క్లెమ్ కూర్చునే వైపు, డాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టి వెతికాడు. వేలికి తగిలింది... చిన్న స్విచ్చి. హెడ్‌లైట్ల తీగను కోసి, మధ్యలో బిగించిన స్విచ్చి. నోరా శవపేటికను మోసిన భుజాల్లో ఒకటి క్లెమ్‌ది.

విల్ఫ్ దాన్ని పీకేశాడు. తీగ కొసలు కలిపి మెలిపెట్టి, టేపు చుట్టాడు. స్విచ్చిని కోటు జేబులో వేసుకున్నాడు.

కారు అప్పగించే సాయంత్రం క్లెమ్‌నే నడపమని, తాను పక్క సీట్లో కూర్చున్నాడు. మలుపు దగ్గర ఆపించి, స్విచ్చి వాడి ఒళ్లో పడేసి, ముఖం చూద్దామని.

మలుపు వచ్చింది. విల్ఫ్ నోరు తెరవబోయాడు —

దీపాలు ఆరిపోయాయి.

కారు ఆగింది. చీకట్లో క్లెమ్ గొంతు, గుసగుసగా...

"దొరికిపోయాన్లే విల్ఫ్. తప్పయింది. ఇక ఆ స్విచ్చి వెయ్యరా."

విల్ఫ్ జేబులోంచి స్విచ్చి తీసి, తడుముకుంటూ వాడి అరచేతిలో పెట్టాడు. తెగిన తీగ ముక్కలతో సహా. క్లెమ్ వేళ్లు దాని చుట్టూ ఒకసారి తిరిగాయి... ఆగిపోయాయి. మరుక్షణం తలుపు తీసుకుని, వచ్చిన దారినే పరుగెత్తాడు.

వాడి అడుగుల చప్పుడు వినపడనంత దూరం పోయాక — దీపాలు వాటంతటవే వెలిగాయి.

మళ్లీ పబ్బులో కలిసినప్పుడు ఇది చెబితే, టేపు వదులై ఉంటుందన్నాను. విల్ఫ్ కాదనలేదు. బీరు నురగ వంక చూసి, మెల్లగా అన్నాడు —

"నోరాకి వాడంటే మొదట్నించీ గిట్టదయ్యా."