ఏడుపు మాన్పించిన పోలయ్య

నిన్నే, ఆ గోడకు జారగిలబడి పెద్ద తెలివిగలవాడిలా కూర్చున్నావే. పిల్లల మాటలు విని అంకం వేసే యంత్రం, ఆ బడిచెవి ముందు నిలబెడితే నీకు పన్నెండు మార్కులు కూడా రావు. పోలయ్యకూ రావనుకో, ఏడో తరగతితో ఆగినవాడు. అయినా సౌరపలకలు ఆకాశాన్ని మూసేసిన నీడకప్పు కింది తండాల్లో ఇంటి దగ్గర పిల్లల్ని సాకే లంబాడీ ఆడవాళ్లకు తర్ఫీదు ఇచ్చేది అతనే.

ఆ సోమవారం చాంప్లి ఇంట్లో సంచిలోంచి బడిచెవిని తీసి, గూట్లో పెట్టి మీట నొక్కాడు. ఎదురుగా ఐదేళ్ల మంగ్లి. తల్లీతండ్రీ లేరు, చాంప్లే పెంచింది. అంకం డెబ్బై దాటితే పిల్ల ఇవాళే బడిబండి ఎక్కుతుంది. దాటకపోతే పదేళ్లు నిండగానే ధూళివరస. బతికినన్నాళ్లూ సౌరపలకలు తుడవడమే. రెండో పరీక్ష ఉండదు.

"మూడేండ్ల సంది నేను జెప్పిన ఒక్క ముచ్చట యాదున్నదా అక్కా?"

"ఏడ్వద్దు," అంది చాంప్లి.

లంబాడీ ఆడవాళ్లు కలిసినా, విడిపోయినా మెడలు వాటేసుకుని రాగం తీసి ఏడుస్తారు. అది వాళ్ల పలకరింపు. బడిచెవికి మాత్రం ఏడుపంటే ఆ ఇల్లు పిల్లలకు పనికిరాదని లెక్క. అందుకే పోలయ్య కోతివేషాలు వేసి, కితకితలు పెట్టి, రాగం తీయబోయిన నోట్లో బెల్లంముక్క కుక్కి, నవ్వుతూ నమస్తే చెప్పడం నేర్పాడు.

మంగ్లి రంగులు చెప్పింది. ఇరవై దాకా లెక్కపెట్టింది. అంకం తొంభై ఒకటి.

"చూసినవా, చెవినే బోల్తా గొట్టిచ్చింది. ఇగ నాకు కోడి కొయ్యాలె."

"కోస్త గనీ, పిల్లను మల్ల ఎప్పుడు జూస్త?"

పోలయ్య సంచి సర్దుకున్నాడు. "బడికి పోయినోళ్లు వాపస్ రారక్కా."

మిగిలింది వీడ్కోలు. అదయ్యేదాకా చెవి అంకం వేస్తూనే ఉంటుంది. "నమస్తే యాడీ," అని చాంప్లిని అమ్మగా పిలిచి మంగ్లి నవ్వింది. గడపదాకా నడిచింది. వెనక్కి వచ్చి చాంప్లి మెడ వాటేసుకుని రాగం ఎత్తుకుంది. చాంప్లి సాకే మిగతా నలుగురు పిల్లలూ చుట్టూ చేరి అందుకున్నారు. ఒక్కరూ తడబడలేదు. అంకం జారసాగింది. ఎనభై. అరవై నాలుగు. నలభై ఒకటి.

బెల్లం కోసం జేబులో పెట్టిన చెయ్యి పోలయ్యకు అక్కడే ఆగిపోయింది. ఇది ఒక్కరోజులో వచ్చే పాట కాదు.

"ఇది ఏడుపేనా? తర్ఫీదుదారు ధ్రువీకరించాలి," అంది బడిచెవి.

ఇంతకుముందు పదకొండు ఇళ్లలో అతను అవునన్నాడు. ఆ పదకొండు ఇళ్లూ మూతపడ్డాయి.

"కాదు. పలకరింపు."

ఆ మాట దాని జాబితాలో లేదు. పాత ఏడుపులన్నీ మొదటినుంచి తిరగేసుకుంటూ ఉండిపోయింది. అదే జాబితాతో నడిచే తండాతండా చెవులన్నీ అదే క్షణాన, ఏ అంకమూ ఖాయం చేయకుండానే మూగబోయాయి. బయట బడిబండి మాత్రం ఎవరికోసమూ ఆగలేదు. మంగ్లి సీటు ఖాళీగానే వెళ్లిపోయింది.

"ఎప్పుడు నేర్పినవక్కా ఇది?"

"నువ్వొచ్చేది సోమారం ఒక్కనాడే గద తమ్మీ. కడమ ఆరు దినాలు ఇదే." చాంప్లి పిల్ల కళ్లు తుడిచింది. "నవ్వుడు నేర్పుడే కష్టమైంది. నీ కోతివేషాలకు ఒక్కలకు నవ్వు రాకపాయె. పాపం, గంత దూరంకెల్లి నడిచొస్తడు, ఆయన ముంగట జర నవ్వుండ్రి అని బతిలాడుకుంటుంటి."