గార రోడ్డు మీద ఆపని కారు

ఆదివారం వచ్చిందంటే అరసవల్లిలో తాయారు ఇంట్లో నీచు మాటే వినపడదు. సూర్యనారాయణస్వామి వారం కదా. చేపా, మాంసం సంగతి అటుంచి, ఆ రోజు ఉల్లిపాయ కూడా తరగదు ఆవిడ. ఆ ఆదివారం కూడా పొద్దున్నే స్నానం చేసి, తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని, కారు తాళం కూతురి చేతిలో పెట్టింది.

"ధనం, కారులో సాంబ్రాణి ధూపం ఎయ్యవే. ఏదో ముక్కిన వాసనొస్తన్నాది."

ధనలక్ష్మి తల్లి వంక వింతగా చూసింది. మొన్న శుక్రవారం నుంచి ఆ తాళం ముట్టుకోనివ్వలేదు ఆమెని.

"ధూపానికైతే నాను పనికొస్తానేటి? తోలడానికేగా పనికిరానిది!"

"పొద్దున్నే మొదలెట్టకే తల్లీ. మీ నాన్న టీ తాగుతన్నారు."

కూతురి ఎత్తిపొడుపు వెనక పెద్ద కథే ఉంది. ధనలక్ష్మి తండ్రి నారాయణమూర్తి బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. సర్వీసు మొత్తంలో ఒక్క యాక్సిడెంటు లేదు. ఇప్పటికీ బస్సు కాంప్లెక్సు దగ్గర టీ కొట్టుకి వెళితే, "మూర్తిగారు తోలితే బస్సులో పసిపిల్లలు కూడా నిద్ర లేవరు" అంటారు. కూతురికి స్టీరింగు పట్టించింది కూడా ఆయనే. డిగ్రీ అయ్యాక ఉద్యోగాలు వెతికి విసిగిపోయిన పిల్లకి, రాజాంలో ఆయన పాత స్నేహితుడు అప్పలసూరి డ్రైవింగు స్కూలులో పని దొరికింది. ఆడవాళ్ళు నేర్చుకోవడానికి వస్తున్నారు, నేర్పడానికి ఆడపిల్లే కావాలి అని అతనే అడిగాడు. సోమవారం చేరాలి.

శుక్రవారం సాయంత్రం ధనలక్ష్మి ఏడురోడ్ల జంక్షనుకి వెళ్ళి బియ్యం బస్తా తెచ్చింది. కారు ఇంటి ముందు ఆపగానే ఎదురింటి తిరుమలరావు వంగి చూసి, "ఏటి మూర్తీ, పిల్ల ఎక్కడో గుద్దీసినట్టున్నాది! ఎడం పక్క లైటు పగిలిపోనాది సూడు" అన్నాడు. ధనలక్ష్మి గభాల్న దిగి చూసింది. తను ఎక్కడా తగిలించలేదు. తీసుకెళ్ళేటప్పుడు ఆ పక్కకి వెళ్ళి చూడనూ లేదు. తండ్రి వైపు చూసింది. ఆయన నేల చూస్తూ, "సూసుకోనేదు కాబోలు" అన్నాడు.

ఆ రాత్రి అప్పలసూరి ఫోన్ చేస్తే, "పిల్లకి ఇంకా చెయ్యి కుదర్నేదురా, కొన్నాళ్ళు ఆగనీ" అనేశాడు. తాళం బీరువాలోకి వెళ్ళిపోయింది. రెండు రోజులుగా ధనలక్ష్మి "నాను గుద్దనేదు" అంటూనే ఉంది. నమ్మినవాళ్ళు లేరు.

ఇప్పుడు ఆమె కారెక్కి, అద్దాలు ఎక్కించి, ధూపం పళ్ళెం కింద పెట్టింది. పొగ అంతటా తిరగాలని ఏసీ వేసింది. వేయగానే ఏసీ గొట్టాల్లోంచి గుప్పున చేపల నీళ్ళ కంపు! సాంబ్రాణితో కలిసి అది మరీ ఘాటెక్కింది. దగ్గుకుంటూ కిందకి దిగి బానెట్ ఎత్తింది. ముందు అద్దం కింద గాలి లోపలికి పోయే జాలీలో ఎండిపోయిన పొలుసులు అతుక్కుని ఉన్నాయి. ఒక చిన్న కవళ్ళ చేప కూడా ఇరుక్కుపోయి ఉంది. ఆ పక్కనే పసుపు మరకలు.

ధనలక్ష్మి ఆ చేపని కాగితం మీద పెట్టుకుని నేరుగా వరండాలోకి వచ్చింది.

"ఓలమ్మ! ఆదివారం పూట ఇంట్లోకి అదేటే!" అని తాయారు వెనక్కి గెంతింది.

"నాను తెచ్చింది బియ్యం బస్తా. బియ్యంలో కవళ్ళు ఉంటాయేటమ్మా?"

"ఎవరో చేపల బండి పక్కన ఆపినట్టున్నావు..."

"పక్కన ఆపితే జాలీలోకి దూరతాయేటి? సరే, ఒకటి సెప్పు. శుక్రవారం మద్దేనం మీరు గార అవతల పెద్దమ్మ ఇంటి నుంచొచ్చినాక, కారుని పసుపు నీళ్ళతో ఏల కడిగినావు? దిష్టనుకున్నాను నాను."

తాయారు భర్త వైపు చూసింది. నారాయణమూర్తి చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది.

"నాన్నా, నువ్వేనా?"

తాయారే కూలబడింది.

"నాదే తప్పమ్మా. ఆయన ఆపబోనారు. నానే, ఆపొద్దండి, పోనీండి పోనీండి, కొట్టీస్తారు అని సెయ్యి పట్టుకుని లాగినాను. టీవీఎస్ మీద చేపల తట్ట కట్టుకుని ఒక పిల్ల వస్తన్నాది. సముద్రం వేపు మలుపులో ఎడమేపు తగిలింది. తట్టలో నీళ్ళూ చేపలూ అన్నీ మన మీదే పడ్డాయి."

"ఆ పిల్లకేటయినాది?"

"లేచి నిలబడిందే," అన్నాడు నారాయణమూర్తి గభాల్న. "అద్దంలో సూసినాను. నిలబడింది."

ధనలక్ష్మి కళ్ళు ఎర్రబడ్డాయి. "అద్దంలో సూసినావు! మరి నన్ను? ఇంటి ముందర తిరుమలరావు మావ నన్నంటన్నప్పుడు నన్ను కూడా అద్దంలోనే సూసినావేటి?"

"నోరు అదుపులో ఎట్టుకో!" ఆయన గ్లాసు బల్ల మీద కొట్టినట్టు పెట్టాడు. "నీకేటి తెలుసు? బస్సు కింద మేక పడ్డా ఊరంతా కర్రలట్టుకుని వస్తాది. నా కళ్ళెదురుగా కొట్టినారు మా డ్రైవర్ని, తప్పు వాడిది కాకపోయినా. సర్వీసంతా మచ్చ నేకుండా తోలినాను. ఇప్పుడీ వయసులో, ఎడమేపు కళ్ళకి సరిగ్గా ఆనక, మలుపులో... ఏ మొహం ఎట్టుకుని సెప్పమంటావు?"

"అందుకని నా మొహానికి పూసినావు."

"పూయనేదే! ఆడు అన్నాడు, నాను ఊరుకున్నాను."

"ఊరుకోడం కాదు నాన్నా. అప్పలసూరి మావకి ఫోన్లో సెప్పినావు, చెయ్యి కుదర్నేదని. నువ్వు నేర్పిన చెయ్యి!"

ధనలక్ష్మి గోడ అవతలికి చేపని పారేసి, చేతులు కడుక్కుని వచ్చింది.

"తయారవ్వు. ఎల్దాం."

"ఎక్కడికే?" అంది తాయారు.

"గార దాటి. ఆ పిల్ల ఎవరో కనుక్కుందాం."

"ఇయ్యాలా! ఆదివారం చేపలోలింటికా? స్వామి వారం, తలంటు పోసుకుని..."

"అమ్మా, ఆదివారం చేప తినకూడదు గానీ, శుక్రవారం మనిషిని గుద్దీసి ఎల్లిపోవచ్చేటి?"

తాయారు పైట నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కూతురు గుమ్మంలో నిలబడే ఉంది. కూర్చోలేదు, బతిమాలలేదు. ఒక్కతే అయినా వెళుతుందని నారాయణమూర్తికి అర్థమైపోయింది. లేచి, చొక్కా వేసుకుని, కారు దగ్గరికి వెళ్ళి, నేర్పడానికి కాకుండా మొట్టమొదటిసారిగా తన కారులో ఎడమ సీట్లో కూర్చున్నాడు. తాయారు ఇంట్లోనే ఉండిపోయింది.

గార దాటి సముద్రం వైపు తిరిగే మలుపులో బడ్డీ కొట్టు దగ్గర అడిగితే, "శుక్రవారం పడిపోయిన పిల్లా? కూర్మమ్మ కోడలు రాణి. మెరక మీద నీలం తలుపు ఇల్లు" అని చెప్పారు. ఇసక సందులో, రెండు పక్కలా వలలు ఆరబెట్టిన దారిలో ధనలక్ష్మి కారు నెమ్మదిగా తీసుకెళ్ళి ఆపింది.

నీలం తలుపు ముందు, మడమకి గుడ్డ చుట్టుకున్న ఒక పాతికేళ్ళ పిల్ల చేపలు తోముతోంది. పక్కనే ఎడమ అద్దం విరిగిన టీవీఎస్, చక్రానికి గొలుసు వేసి తాళం. ఆ పిల్ల తలెత్తి కారు చూసింది. పగిలిన లైటు చూసింది. చేతిలో కత్తి కింద పడేసి అరిచింది.

"అత్తా! ఇదే కారు! ఒరే రండర్రా, ఇదే కారు!"

క్షణంలో పదిమంది పోగయ్యారు. నారాయణమూర్తి ఏది తలుచుకుని పారిపోయాడో అదే ఇప్పుడు కారు చుట్టూ ఉంది. ధనలక్ష్మి దిగింది. స్టీరింగు వైపు నుంచి దిగిన ఆమెనే అందరూ చూశారు. లోపల్నుంచి కొంగు బిగించుకుంటూ కూర్మమ్మ వచ్చింది.

"నువ్వేనేటే గుద్దింది? ఆడగుంటవి, నీకు కారేటి? ఇంట్లో మగోలు నేరా? గుద్దీసి, ఆగైనా ఆగకుండా ఎల్లిపోతావా! నీ అమ్మ నీకు ఇదేనా నేర్పింది?"

"మొహం సూడు, బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాది!" అన్నారెవరో.

నేను కాదు అనడానికి ధనలక్ష్మికి ఒక్క మాట చాలు. కానీ ఆమె నోరు విప్పలేదు. తిట్లన్నీ మీద పడనిస్తూ, కారు అవతల తలుపు వైపే చూస్తూ నిలబడింది. రెండు రోజులుగా తను చెప్పిందే చెప్పింది. ఇక చెప్పాల్సింది ఆమె కాదు.

తలుపు తెరుచుకుంది. నారాయణమూర్తి తలుపు పట్టుకుని దిగాడు.

"అమ్మా, పిల్లని అనకండి. పిల్లకి ఏటీ సంబంధం నేదు. తోలింది నాను. గుద్దింది నాను. ఆపకుండా ఎల్లిపోనాదీ నానే."

గుంపులోంచి నూకయ్య అనే ముసలాయన చేతిలో వల అల్లే పుల్లతోనే ముందుకొచ్చాడు.

"ఏల ఆపనేదు బాబూ?"

"కొట్టీస్తారని భయమేసింది."

నూకయ్య ఆయన్ని పైనుంచి కిందకి చూశాడు. "కొట్టీవోలమే. మహా అయితే రెండు దెబ్బలు. తర్వాత కూకోబెట్టి మంచినీలు ఇచ్చీవోలం. పిల్ల రోడ్డు మీద పడుంటే ఎల్లిపోనావు సూడు, దానికి ఎన్ని దెబ్బలు కొట్టాలో మాకు తెల్దు."

ఆ మాటకి నారాయణమూర్తి తల వాలిపోయింది. కూర్మమ్మ ఏదో అనబోయేంతలో రాణి కుంటుకుంటూ అత్త ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఇప్పుడు సెప్పత్తా. కారేదీ నేదు, ఇదే జారి పడిపోనాది, అబద్ధాలాడతన్నాది, ఆడదానికి బండిస్తే ఇంతే అన్నావా నేదా? నువ్వూ నీ కొడుకూ కలిసి బండికి గొలుసేసినారా నేదా?"

ధనలక్ష్మి ఉలిక్కిపడి ఆమె వంక చూసింది. రాణి కూడా ఆమె వంకే చూస్తోంది.

కూర్మమ్మ గొణిగింది, "నాకేటి తెలుసే, నాను సూసినానా..."

"నాను సెప్పినాను కదా! తాళం ఇటియ్యి."

పదిమందీ చూస్తున్నారు. కూర్మమ్మ కొంగుముడి విప్పి తాళం కోడలి చేతిలో పెట్టింది.

"అద్దం, కాలి కట్టూ, పోయిన చేపలూ, అన్నీ నానే సూసుకుంటానమ్మా," అన్నాడు నారాయణమూర్తి.

"సూసుకోవాల్సిందే. వదుల్తాననుకున్నావేటి?" అంది రాణి. తర్వాత గొంతు కాస్త తగ్గించింది. "పడ్డాక నాను అరిసినాను బాబూ, ఆగండీ అని. అద్దాలు ఏసున్నాయి మీకు. ఇనపడ్నేదేమో."

నారాయణమూర్తికి ఆ కేక ఆ రోజే వినపడింది. చేతులు రెండూ జోడించి, అంత మందిలో, చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. కూర్మమ్మే చివరికి చెంబుతో నీళ్ళు తెచ్చి, "తాగు. తాగి ఎల్లు" అంది విసురుగా.

కారెక్కాక ధనలక్ష్మి ఇంజను స్టార్టు చేయలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తండ్రి కళ్ళు తుడుచుకుని, జేబులోంచి ఫోను తీశాడు.

"ఒరే అప్పలసూరీ... నాన్రా, మూర్తిని. కాదు, ముందు ఇను. బండి గుద్దింది నాను, పిల్ల కాదు. ఎవరడిగినా ఇదే సెప్పు. దాని చెయ్యి కుదిరినాది. నాకంటే బాగా కుదిరినాది... రేపు వస్తాది."

ఫోను పెట్టేసి కూతురి వైపు తిరగడానికి ధైర్యం చాల్లేదు ఆయనకి. ఆమె కూడా ఫర్వాలేదు నాన్నా అనలేదు. ఇంకా ఫర్వాలేదు అనిపించలేదు మరి. కానీ ఆ సందులో వెనక్కి తియ్యాలి, ఎడమ పక్కన వలలు ఆరేసి ఉన్నాయి, అటువైపు ఆయన కూర్చుని ఉన్నాడు.

"నాన్నా, తల బయటకెట్టి సూడు. ఎడమేపు సోటు ఉన్నాదా?"

ఆయన గబగబా అద్దం దింపి, సగం ఒళ్ళు బయటపెట్టి, చక్రం వైపు కళ్ళు చిట్లించి చూశాడు.

"ఉన్నాదమ్మా. రా... ఇంకా రా. నాను సూస్తన్నాను."