మట్టిపిట్ట తరఫు లాయరు

"ఇది పిల్లలాడుకునే బొమ్మే కదా?" అంది లాయరు, అతను తెచ్చిన మట్టిపిట్టని వేళ్ళమధ్య తిప్పి చూస్తూ.

అతనికి ఒళ్ళు మండింది. తాత నేర్పిన విద్య అది. పిట్ట తోకలో ఊదుతూ వీపుమీది రంధ్రాలు మూసి తెరిస్తే పాట పలుకుతుంది. ఒక్క రంధ్రం వెంట్రుకవాసి పక్కకి జరిగినా ఆ పిట్ట మళ్ళీ మట్టిలో కలవాల్సిందే.

"బొమ్మ కాదండీ, వాయిద్యం! ఆ ముక్క తెలియనివాళ్ళు నా కేసేం వాదిస్తారు?" పిట్టని లాక్కుని లేచాడు.

"కూర్చోండి." ఆమె నవ్వు ఆపుకుంటోంది. "ట్రిబ్యునల్లో వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఇదే. అప్పుడూ ఇలాగే లేచి వెళ్ళిపోతే ఎలా?"

గోడకి ఆనించిన కుర్చీలో బుద్ధిగా కూర్చున్నాడు.

అతని కష్టం చిన్నది కాదు. రాష్ట్ర పన్ను శాఖవాళ్ళు పిట్టని ఆటబొమ్మ అన్నారు. కేంద్ర శాఖవాళ్ళు అలంకరణ వస్తువన్నారు. వాయిద్యాలకి పన్ను తక్కువ; అతను ఇన్నాళ్ళూ అదే కట్టాడు. అందుకని ఇద్దరూ పాత ఏళ్ళ తేడా కూడా కట్టమని నోటీసులు పంపారు. కడితే బట్టీ ఆరిపోవాల్సిందే.

"అడకత్తెరలో పోకచెక్కనయ్యానండీ," అన్నాడు.

"భయపడకండి. వాళ్ళిద్దరికీ మాట కలవకపోవడమే మన బలం. రెండు అప్పీళ్ళూ కలిపి వినమని అడుగుతాను. ఈలోగా నాకు ఇది వాయించడం నేర్పండి."

"మీకెందుకండీ?"

"తెలియనిదాని గురించి వాదించడం నాకు చేతకాదు."

అలా మొదలైంది. కోర్టు పనయ్యాక చెప్పులు గుమ్మం బయట విడిచి, అతని షెడ్డులో పీట వేసుకుని కూర్చునేది. మట్టి ఎక్కడిదని అడిగేది, బట్టీలోకి తొంగిచూసేది. తర్వాత బుగ్గలు పూరించి ఊదేది.

ఓరోజు లోపల్నుంచి అతని అమ్మ కేకేసింది. "ఒరేయ్, ఆ కోడిని ఎవడు తొక్కాడ్రా?"

"లాయరుగారమ్మా!"

అమ్మ నాలిక కరుచుకుంది. లాయరు మాత్రం కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. అంతగా నవ్వే మనిషికి అంత పదునైన నోరు ఎలా వచ్చిందా అని అతను ఆశ్చర్యపోయాడు.

ఆ పదును పూర్తిగా పన్ను ఆఫీసులో చూశాడు. అధికారి కాగితంలోంచి తల ఎత్తకుండానే, "ఏమయ్యా, బొమ్మలమ్ముకునేవాడివి నీకు లాయరెందుకు?" అన్నాడు.

అతను తల దించుకున్నాడు. ఆమె గొంతు పెంచలేదు. "ఈయన పన్ను కట్టే మనిషి. మీరు, నేను కూర్చున్న ఈ గదికి డబ్బిచ్చేవాళ్ళలో ఒకరు. 'మీరు' అనండి. తర్వాత మాట్లాడుకుందాం."

అధికారి కలం కింద పెట్టాడు. "కూర్చోండి," అన్నాడు.

అతను కుర్చీలో కూర్చున్నాడు గానీ, మనసు ఆ క్షణంలోనే చేజారిపోయింది.

బయటికొచ్చేసరికి వాన. ఇద్దరికీ ఒకటే గొడుగు. ఆమె తడవకూడదని అతను గొడుగు అటు వంచుతుంటే, అతను తడవకూడదని ఆమె ఇటు నెడుతోంది. చివరికి ఇద్దరూ తడిశారు.

"ఇంత శ్రమ అందరు క్లయింట్ల కోసమూ పడతారా?" ధైర్యం చేసి అడిగాడు.

ఆమె గొడుగు పిడి సర్దింది. "అందరి కోసమూ," అంది రోడ్డుకేసి చూస్తూ.

అతని ఆశమీద నీళ్ళు చల్లినట్టయింది.

ట్రిబ్యునల్లో విచారణ రోజు రాష్ట్ర శాఖ తరఫు లాయరు పిట్టని ఎత్తి చూపించాడు. "పసిపిల్లలు కూడా ఊదేస్తారు సార్. ఇందులో విద్యేముంది?"

ఆమె లేచి, ఆ పిట్టనే అందుకుని ఊదింది. కీచుమంది. మళ్ళీ ఊదింది. హాలంతా గొల్లుమంది. ముందు వరుసలో ఒకాయన చెవులు మూసుకున్నాడు. ఎవరిముందూ తల వంచని మనిషి అంతమందిలో నవ్వులపాలవుతుంటే అతనికి ప్రాణం విలవిల్లాడింది.

నవ్వులు ఆగేదాకా ఆమె ఓపికపట్టింది. "అప్పీలు వేసినప్పట్నుంచీ నేర్చుకుంటున్నానండీ. మా గురువుగారు ఎంతో ఓర్పుతో చెబుతారు. అయినా నాకు వచ్చింది ఇంతే. గురువు దగ్గర నేర్చుకుంటే తప్ప పలకనిదాన్ని ఆటబొమ్మ అందామా? అల్మారాలో పెట్టుకునే అలంకారం అందామా? అనుమతిస్తే ఆయన వాయిస్తారు."

అతను వాయించాడు. ఇందాక చెవులు మూసుకున్నాయన ముందుకు వంగి విన్నాడు.

పిట్ట వాయిద్యమేనని తీర్పు వచ్చింది. రెండు నోటీసులూ కొట్టేశారు.

ఆ సాయంత్రం ఆఫీసులో ఆమె ఒక కాగితం ముందుకు జరిపింది. "సంతకం పెట్టండి. ఇకనుంచి మీరు నా క్లయింట్ కారు."

ఇంత ఖచ్చితంగా పొమ్మంటారా అనుకున్నాడు. సంతకం చేసి, దణ్ణం పెట్టి వచ్చేశాడు. గెలిచినవాడు ఓడినట్టు ముడుచుకు పడుకుంటే అమ్మకి అర్థం కాలేదు.

తెల్లవారి, తుంపర పడుతుండగా, గుమ్మంలో ఆమె.

"కేసయిపోయింది కదండీ?" అన్నాడు తెల్లబోయి.

"అయిపోయింది కాబట్టే వచ్చాను. క్లయింట్‌ని ఇష్టపడకూడదని నాకు నేను పెట్టుకున్న నియమం. నిన్న సాయంత్రం ఫైలు మూశాను. అప్పుడే నోరు తెరుస్తారనుకుంటే దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు. రాత్రంతా వృథా అయింది."

అతను తువ్వాలు అంచు నలుపుతూ నిలబడ్డాడు.

వెనకనుంచి అమ్మ వచ్చింది. "వాడంతేనమ్మా, బెల్లంకొట్టిన రాయి. వాడి తరఫున నేను వకాల్తా పుచ్చుకుంటున్నాను. మావాడికి నువ్వంటే..."

"అమ్మా, ఆగు," అన్నాడతను. ఆమె మీంచి చూపు తిప్పుకోలేదు. "ఈ ఒక్క మాటకి నా తరఫున ఎవరూ అక్కర్లేదు. నేనే చెప్పుకుంటాను."

తడిసిన గుమ్మందాకా నడిచి ఆమె ఎదుట నిలబడ్డాడు.

"మిమ్మల్ని ప్రేమిస్తున్నానండీ."

ఎన్నో వాదనలు గెలిచిన లాయరు జవాబుగా చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి అడుగు పెట్టింది.