బండీ, బండిలో ఉన్నదంతా

మధ్యాహ్నం ఒంటిగంట!

సూర్యుడు నడినెత్తిన ప్రజ్వరిల్లవలసిన వేళ... కాటుకమబ్బులు దిక్కులన్నిటినీ కమ్మేశాయి. ఫెళఫెళమని ఉరుములు! కళ్ళు మిరుమిట్లు గొలిపే మెరుపులు! ఎక్కడినుంచి వచ్చిందో ఏమో, పట్టపగలు ఒక గుడ్లగూబ పళ్ళ డాక్టరుగారి క్లినిక్ బోర్డు మీద వాలి, తల గిర్రున వెనక్కి తిప్పి వీధిలోకి చూసింది. కింద తలుపుకి "భోజన విరామం, 1 నుండి 2 వరకు" అని అట్టముక్క వేలాడుతోంది.

అర్ధరాత్రి శ్మశానంలో పూజలు చేసేది పాతకాలపు మాంత్రికులు! ఈ మహానుభావుడికి అంత ఓపిక లేదు. రాత్రి పదికల్లా పాలు తాగి పడుకుంటాడు. క్షుద్రోపాసనంతా పేషెంట్లు లేని ఆ గంటలోనే కానిచ్చేస్తాడు.

ఆయన బల్లమీద ఒక పుర్రె ఉంది. "బ్రష్ చేసుకోకపోతే ఇలాగైపోతావ్!" అని పిల్లలకు చూపించి నవ్విస్తుంటాడు. అందరూ దాన్ని ప్లాస్టిక్ బొమ్మ అనుకుంటారు. కాదు! ఏనాడో దుర్మరణం పాలైన ఒక ఘోరమాంత్రికుడి కపాలం అది.

"హ్రీం... క్రీం... హుం... ఫట్!"

వేలు కోసుకుని మూడు రక్తబిందువులు ఆ కపాలం దంతాల మీద చిలకరించాడు. దవడ టక్కుమని కదిలింది. గదిలో దీపాలు ఆరిపోయాయి.

"ఆకలి...!" అంది పుర్రె.

డాక్టరు మోకరిల్లాడు. ఆయన వయసు యాభై ఎనిమిది. చూసేవాళ్ళకు ముప్పై ఎనిమిది! పోయిన ఏడాది కట్టుకున్న భార్య ఆయుష్షును ఈ పుర్రెకి నైవేద్యం పెట్టి, ప్రతిఫలంగా ఇరవై ఏళ్ళ యౌవనం సంపాదించుకున్నాడు. పుట్టినరోజు కానుకగా ఎర్రటి స్పోర్ట్స్ కారు కొనిచ్చి, "ఈ బండి నాది అను, సరదాగా!" అన్నాడు. ఆ అమాయకురాలు అంది. మూడో మధ్యాహ్నం ఆమె స్టీరింగు ముందు, ఈయన పక్క సీట్లో, ఒళ్ళో పుర్రె! సిగ్నలు దగ్గర ఆమె తల వాల్చేసింది. గుండె ఆగిందన్నారు లోకులు. తానే పీకిన ఆమె జ్ఞానదంతాన్ని గేరు రాడ్డు పైనున్న గుండులో దాచి, ఆమె ఆత్మను కూడా అందులోనే బంధించాడు ఆ పాపిష్టివాడు!

ఆ యౌవనం గడువు తీరిపోతోంది. ఈ ఉదయం అద్దంలో ఒక తెల్ల వెంట్రుక కనిపించింది.

"ఈసారి ఎవరు?" పుర్రె గర్జించింది.

"నా తమ్ముడి భార్య..." అన్నాడు డాక్టరు, చేతులు జోడించి. "ఆ బండంటే ఆమెకు ప్రాణం. కొనమంటే ఎగిరి గంతేస్తుంది."

"ఆమె నోటితోనే అనాలి... బండి తనదని!"

"అనిపిస్తాను ప్రభూ!"

తమ్ముడిది టైర్ల కొట్టు. ఆ సాయంత్రం ఎర్ర కారు దాని ముందు ఆగింది.

"అన్నయ్యా, దీంట్లోకి ఎక్కాలంటే పడుకోవాలి, దిగాలంటే పొర్లాలి. మనకెందుకిది?" అన్నాడు తమ్ముడు, నాలుగు టైర్లూ కాలితో తన్ని చూస్తూ.

"మీరూరుకోండి!" అంది అతడి భార్య. ఆమె చెయ్యి అప్పటికే బానెట్ మీద ఉంది.

ఊళ్ళో సగంమంది ఆమె దగ్గరే డ్రైవింగ్ నేర్చుకున్నారు. అందరికీ ఆమె డ్రైవింగ్ మేడమ్. నేర్పే బండిలో పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. పద్నాలుగేళ్ళుగా ఆమె చోటు అదే. నడిపేది ఎవరో, కంగారు పడేది ఎవరో, బ్రేకు నొక్కేది మాత్రం మేడమ్!

"ఎప్పుడూ పక్కనే కూర్చున్నానండీ. నా బండి నేను నడుపుకోవద్దా?" అందామె. భర్త టైర్లు తన్నడం ఆపేశాడు.

ఆ డాక్టరు భార్య, అంటే మేడమ్ తోటికోడలు, ఆమె శిష్యురాలే. "అక్కా, బ్రేకు!" అని అరిస్తే క్లచ్చి నొక్కేది ఆ మహాతల్లి! ఇద్దరూ పగలబడి నవ్వుకునేవారు. పాఠం అయ్యాక, "వెళ్ళొస్తా గురువుగారూ!" అని చెయ్యి ఊపేది. చివరి రోజూ అలాగే అని వెళ్ళింది. మళ్ళీ రాలేదు.

"అక్క గుర్తుగా ఉంటుంది బావగారూ. తీసుకుంటాను," అంది మేడమ్.

డాక్టరు కళ్ళు ధగధగ మెరిశాయి!

"ఆగండాగండి!" తమ్ముడు మధ్యలో దూరాడు. "కాగితం రాసుకోవాలి."

"ఒరేయ్, సొంత అన్నని. నాతో కాగితమేంట్రా?"

"సొంత అన్నవి కాబట్టే! నాకు పదేళ్ళప్పుడు నీ పాత సైకిలు నాకిచ్చి, మర్నాడే బెల్లు ఊడబీక్కుపోయావు. ఇదేంటని అడిగితే, సైకిలిస్తానన్నాను గానీ బెల్లిస్తానన్నానా అన్నావు!"

"నలభై ఏళ్ళు దాటిందిరా ఆ గొడవ!"

"నాకు నిన్న జరిగినట్టే ఉంది. డిక్కీలో స్టెప్నీ, జాకీ, పానా... రేపొచ్చి అవి నావంటే?"

బిల్లు పుస్తకంలోంచి కాగితం చింపి, నాలుక బయటపెట్టి మరీ రాశాడు. 'బండీ, బండిలో ఎప్పుడు ఏది ఉన్నా, అదంతా కొన్న మనిషిదే. అమ్మినవాడికి దానిమీద ఏ హక్కూ లేదు.' డాక్టరు విసుక్కుంటూ, చదవకుండానే సంతకం గీకేశాడు. ఆయన చెవులు మరో మాట కోసం తహతహలాడుతున్నాయి.

"ఇంకేం, బండి నీదేనమ్మా! నీ నోటితో ఒక్కసారి అను, వింటాను."

"ఈ బండి నాది!" అంది మేడమ్, చిన్నపిల్లలా చప్పట్లు కొట్టి.

ఢాం...!! ఎక్కడో పిడుగు పడింది. టైర్ల గుట్ట మీద గుడ్లగూబ వికృతంగా అరిచింది. ఆమె సీట్లో కూర్చుని గేరు గుండు మీద చెయ్యేసింది. అది మనిషి ఒళ్ళులా వెచ్చగా ఉంది.

మొదటి మధ్యాహ్నం ఒంటిగంటకు, పాఠం సగంలో వదిలేసి మేడమ్ ఎర్ర కారెక్కి కూర్చుంది. గేరు మీదనుంచి చెయ్యి రాలేదు! భర్త రెండు చేతులతో లాగితే, గడియారం రెండు కొట్టాక గానీ వేళ్ళు విడలేదు. ఆమె నుదుటి పైన జుట్టు చారెడంత తెల్లబడిపోయింది.

అతడు అన్నకే ఫోన్ చేశాడు. ఇంకెవరికి చేస్తాడు పాపం!

"అన్నయ్యా, బండి తెచ్చినప్పట్నించీ మా ఆవిడకేదో తేడాగా ఉంది. నాకు భయమేస్తోంది."

"కంగారు పడకురా. ఎల్లుండి మధ్యాహ్నం నేనొచ్చి పక్కన కూర్చుని చూస్తాగా," అన్నాడు డాక్టరు, ఎంతో ప్రేమగా.

రెండో మధ్యాహ్నం... ఆమె కనుగుడ్లు పైకి తేలిపోయాయి. నోరు తెరుచుకుంది. వచ్చింది ఆమె గొంతు కాదు!

"మరిదిగారూ...!"

తమ్ముడు కొయ్యబారిపోయాడు. ఏడాది క్రితం పోయిన వదిన గొంతు!

"నా పన్ను... ఈ గుండులో ఉంది... నన్ను మింగినట్టే చెల్లినీ మింగుతాడు! రేపు మీ అన్నయ్యని పక్కన కూర్చోనివ్వకండి... ఆయన కూర్చుంటే చెల్లి దక్కదు... ఆఁ...!"

ఎవరో పీక నులిమినట్టు మాట తెగిపోయింది. తమ్ముడు వీల్ పానా ఎత్తి ఆ గుండు మీద ఒక్క వేటు వేశాడు. అదృశ్యహస్తమేదో పానాను విసిరికొట్టింది! అతడు వెళ్ళి టైర్ల మధ్య పడ్డాడు. మణికట్టు విరిగింది.

"నేనే ఫోన్ చేశానే... నా చేతులారా నేనే రప్పించాను వాణ్ణి..." అని తలబాదుకుని ఏడ్చాడు. ఆ రోజే కారు తాళాన్ని పంక్చర్లు చూసే నీళ్ళ తొట్టిలో పడేశాడు. భార్యను గదిలో పెట్టి, బయట గొళ్ళెం వేసి, ఆ గుమ్మంలోనే కూర్చున్నాడు. రెండో చెయ్యి లేకపోయినా సరే, అన్నని గుమ్మం దాటనిచ్చేది లేదనుకున్నాడు.

మూడో మధ్యాహ్నం. ఒంటిగంట!

ఆకాశం భూమ్మీదికి దిగివచ్చినట్టు చీకటి! ఝంఝామారుతం! గొళ్ళెం దానంతటదే ఊడి కిందపడింది. తలుపు విసురుకు తమ్ముడు అల్లంత దూరాన పడ్డాడు. తెల్లని కళ్ళతో, విరబోసుకున్న జుట్టుతో మేడమ్ నడిచివచ్చి కారులో కూర్చుంది. తాళం లేకుండానే ఇంజను గర్జించింది! పక్క తలుపు తెరుచుకుని డాక్టరు ఎక్కాడు. భోజనం సంచిలోంచి కపాలాన్ని తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. సీటుబెల్టు మాత్రం మరిచిపోలేదు!

"పోనీ!" అన్నాడు.

కొట్టు వెనక మైదానంలో డ్రైవింగ్ పరీక్షకు సున్నంతో గీసిన పెద్ద ఎనిమిది అంకె ఉంది. వేలమంది చేత మేడమ్ తిప్పించిన ఎనిమిది! ఇప్పుడు ఎర్ర కారు దాని మీద సుడిగాలిలా తిరుగుతోంది. ఒక్కో చుట్టుకీ ఆమె జుట్టు పిడికెడు చొప్పున తెల్లబడుతోంది. చేతుల మీద చర్మం ముడతలు పడుతోంది. డాక్టరు బుగ్గలు నిగనిగలాడుతున్నాయి!

"ఇంకా... ఇంకా...!" పుర్రె దవడలు టకటకలాడించింది.

తమ్ముడు కుంటుతూ మైదానంలోకి పరుగెత్తాడు. ఏం చెయ్యాలో తోచలేదు. ఆపుకోలేని ఏడుపు. రుమాలు కోసం జేబులో చెయ్యి పెడితే కాగితం తగిలింది. అదే... స్టెప్నీ కోసం రాసిన కాగితం! చూశాడు. ఆ మాటలే మళ్ళీ చదివాడు!

ఎనిమిది అంకె గీతలు కలిసే చోట, సరిగ్గా నడిమధ్యకు వెళ్ళి నిలబడ్డాడు. కారు తన మీదికే దూసుకొస్తోంది.

"ఏమేవ్!" అని గొంతు చించుకున్నాడు. "బండీ, బండిలో ఎప్పుడు ఏది ఉన్నా... అదంతా నీదేనే! సంతకం పెట్టాడు వాడు! నీ పక్కనున్నవాడు నీవాడే! పుర్రె నీదే! వాడికి ఏ హక్కూ లేదు! వింటున్నావా...!"

డాక్టరు పెదవుల మీద మంత్రం తడబడింది.

ఆమె తెల్లని కళ్ళలో నల్లగుడ్లు మెల్లగా కిందికి దిగాయి. ఎదురుగా భర్త! పది గజాలు... ఐదు గజాలు! ఆమె కాలు కదలదు. అది ఇంకా పుర్రె వశంలోనే ఉంది. నోరొక్కటే తనదయింది. పద్నాలుగేళ్ళు అరిచిన నోరు!

"అక్కా... బ్రేకు!!"

ఆ కారులో పక్క సీటు కింద బ్రేకు లేదు. ఉండదు. అయినా డాక్టరు బూట్ల మధ్య ఏదో కిందికి దిగింది! ఆయన పాదాల పక్కన మరో రెండు పాదాలు... పారాణి పూసిన వేళ్ళు... ఏడాది క్రితం తానే పాడెకెక్కించిన పాదాలు!

టైర్లు కీచుమన్నాయి. తమ్ముడి మోకాళ్ళకు జానెడు దూరంలో కారు ఆగిపోయింది. జీవితంలో మొదటిసారి అక్క సరిగ్గా బ్రేకే నొక్కింది.

మేడమ్ మెడ తిప్పి బావగారి మొహంలోకి చూసింది.

"ఈ బండి నాది," అంది. "ఇందులో ఉన్నదంతా నాది. ఈ పుర్రె నాది. నువ్వూ నాదే. నువ్వు తిన్న ప్రతి ఏడూ నాదే! అక్కా... నీది నువ్వు తీసుకో."

"వద్దమ్మా! వద్దు! నేను మీ బావగారిని..."

తలుపు లాగాడు. రాలేదు. బెల్టు లాగాడు. ఊడలేదు! ఒళ్ళోని కపాలం చటుక్కున తిరిగి ఆయన చేతినే కరిచి పట్టుకుంది. పుర్రె అదే, దాని యజమాని మారింది!

"ఆఁ... ఆఁ... ఆఁ...!!"

ఆయన నోట్లోంచి మొదటి పన్ను రాలి పుర్రె మీద టక్కుమంది. తర్వాత రెండోది... పదోది... ముప్పై రెండూ! జుట్టు తెల్లబడింది, ఊడింది. బుగ్గలు పీక్కుపోయాయి. యాభై ఎనిమిది... ఎనభై... నూట ఇరవై! ఆర్తనాదం ఈలగా సన్నగిల్లింది. ఫెళ్ళున పిడుగు పడి పుర్రె నిలువునా పగిలింది. పెట్టుకున్న బెల్టు పెట్టుకున్నట్టే ఉంది. దాని వెనక ఒక ఖాళీ చొక్కా, గుప్పెడు బూడిద!

మబ్బులు విడిపోయాయి. మామూలు మధ్యాహ్నపు ఎండ మైదానమంతా పరుచుకుంది.

మేడమ్ చేతుల మీద ముడతలు పోయాయి. జుట్టు నల్లబడింది, నుదుటి పైన చారెడు తప్ప. తమ్ముడు కారు తలుపు తీసి, విరిగిన చేత్తోనే ఆమెను పొదివి పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

"బెల్లు ఊడబీకి మంచి పని చేశాడండీ మీ అన్నయ్య," అందామె, ఏడుస్తూనే నవ్వి.

గేరు గుండు రెండు ముక్కలై ఆమె అరచేతిలో పడింది. లోపల చిన్న పన్ను. పక్క సీటు మీద ఎవరో లేచినట్టు మెత్త నెమ్మదిగా పైకి పొంగింది. మల్లెల గాలి లాంటిదేదో ఆమె చెంపను తాకింది. చెవి పక్కన ఆ పాత గొంతు, ఎంతో తేలిగ్గా, నవ్వుతూ పలికింది.

"వెళ్తున్నా గురువుగారూ."

ఈసారి 'వెళ్ళొస్తా' అనలేదు.