అంటుకుపోయిన చుక్కాని

“ఏంటి, ఈ చక్రం తిరగదా?”

సాయిశ్రీ గొంతులో కోపం వినగానే జయదేవ్ చేతిలో బ్రష్ ఆగిపోయింది.

“తిరగక్కర్లేదు శ్రీ. మోడల్ కదా, చూడ్డానికే.”

“తాతయ్య చూడ్డు, తిప్పుతాడు! చిలక్కి చెప్పినట్టు చెప్పానా లేదా?”

చెప్పింది. అతనే వినలేదు. ఆమె తాతగారు బసవపున్నయ్య ముప్పై ఏళ్లు కృష్ణానది మీద లాంచీ నడిపిన సరంగు. ఏ పడవ ఎక్కినా ముందు కళ్లు మూసుకుని చక్రం అటూ ఇటూ తిప్పి, వెనకాల చుక్కాని కదిలిందని తెలిశాకే కళ్లు తెరిచేవాడు.

ఆయన్ని మెప్పించడానికి ఆ లాంచీనే జయదేవ్ గుణదలలో తన డాబా మీది గదిలో మూరెడు పొడవున కట్టాడు. పెన్ను రీఫిల్ పొగగొట్టమైంది. అగరబత్తి పుల్లలు రెయిలింగయ్యాయి. పాత గడియారంలోని పళ్లచక్రం స్టీరింగు. దాన్నుంచి చుక్కాని దాకా సాయిశ్రీ పారేసిన ఇయర్‌ఫోన్ తీగ. అంతా ముచ్చటగా కుదిరింది. కానీ నిన్న చక్రం కాస్త వదులుగా ఉందని మహానుభావుడు రెండు చుక్కల జిగురు వేశాడు.

పెద్దాయన నాలుగింటికి వస్తాడు. ఆయన సరేనంటేనే ఈ పెళ్లి అని సాయిశ్రీ నాన్న తేల్చేశాడు. కాదంటే ఆదివారం గుడివాడ వాళ్లు పెళ్లిచూపులకు వస్తారు. టైము చూస్తే మూడుంబావు.

జయదేవ్ చక్రాన్ని గట్టిగా మెలిపెట్టబోయాడు. సాయిశ్రీ చేతిమీద ఒక్కటిచ్చింది.

“విరుగుతుంది! జరుగు.”

హ్యాండ్‌బ్యాగ్ కుమ్మరించి నెయిల్ పాలిష్ రిమూవర్ తీసింది.

“ఇది జిగురుని కరిగిస్తుంది. రంగుని కూడా.”

“నాలుగు రోజులు కూర్చుని వేశానే ఆ నీలం!”

“రంగు కావాలా, నేను కావాలా?”

జయదేవ్ దూది అందించాడు.

చుక్క వెనుక చుక్క. నీలం రంగు బుడగలు లేచింది. చక్రం మాత్రం ఊహూఁ. సాయిశ్రీ ఫోన్ మోగింది. తాతయ్యే.

“బెంజ్ సర్కిల్లో దిగానమ్మా. ఆటో ఎక్కుతున్నా.”

సాయిశ్రీ ఫోన్ పక్కన పెట్టింది. “ఎప్పుడూ నా మాట వినవు జయ్. నాకు భయంగా ఉంది. నువ్వు లేకుండా నావల్ల కాదు.”

రెండేళ్లలో ఆమె ఇంత సూటిగా ఎప్పుడూ చెప్పలేదు. జయదేవ్ ఆమె చెయ్యి పట్టుకుని తనూ చక్రం మీద వేలు ఆనించాడు. పది నిమిషాల పాటు ఇద్దరూ కలిసి మెల్లగా కదుపుతూనే ఉన్నారు. చక్రం ఒక్క పన్ను జరిగింది. అదే సమయానికి కింద ఆటో ఆగింది.

పెద్దాయన వచ్చాడు. లాంచీ చుట్టూ ఓసారి తిరిగాడు. కుర్చీ లాక్కుని కళ్లు మూసుకున్నాడు.

వేలు చక్రం మీద పడింది. తిరగలేదు. ఆయన మళ్లీ నొక్కాడు. ‘టిక్’మంది. వెనకాల రేకు చుక్కాని కదిలింది.

కళ్లు తెరిచాడు. “ఇక్కడ రంగేంటి, ఇలా ఉడికిపోయింది?”

“ఎండకి తాతయ్యా...” సాయిశ్రీ అందుకుంది.

“ఎండకి కాదండీ,” అన్నాడు జయదేవ్. “నేనే జిగురేసి చక్రం బిగించేశాను. తను ముందే చెప్పింది, వినలేదు. ఇందాక విడదీసింది కూడా తనేనండీ.”

అంతా అయిపోయిందనుకుంది సాయిశ్రీ.

“అయితే ఈ లాంచీకి సరంగు ఎవరోయ్?”

“సాయిశ్రీ అండీ.”

“మరి నువ్వో?”

“అడుగున చేరే నీళ్లు తోడతానండీ.”

పెద్దాయన జేబులోంచి ఫోన్ తీసి కొడుక్కి కలిపాడు.

“ఒరేయ్, గుడివాడ వాళ్లని రావద్దని చెప్పు. నేనూ ఐదేళ్లు నీళ్లు తోడాకే చక్రం పట్టాను. ఈ కుర్రాణ్ణి మన లాంచీలోకి ఎక్కించుకున్నా.”