గులాబీ అరటికి కాపలా

ఆ మొక్కల తోట వెనకాల ఉన్న గాజు గదికి చెడ్డపేరు. చీకటి పడ్డాక పనివాళ్ళెవరూ ఆ ఛాయలకు పోరు. అందులో గులాబీ అరటి ఉంది. అందం కోసం పెంచే రకం. పళ్ళు బొటనవేలంత, లోపలంతా గింజలే. తెల్లారేసరికి ఆ పళ్ళు గెలకే ఉండి తొక్క ఒలిచేసి ఉంటాయట... ఒలిచినవాడు మాత్రం కనిపించడు! కిందటేడు పోయిన పెద్దాయన ఇంకా మొక్కను వదల్లేదని అందరి మాట.

ఇప్పుడు తోట చూసుకునేది ఆ పెద్దాయన అల్లుడు. పగటిపూట దెయ్యం మాటెత్తితే పగలబడి నవ్వేవాడు.

ఓ రాత్రి చలి విపరీతంగా పెరిగింది. గాజు గదిలో హీటర్ చెడిపోయింది. మొదలుకు గోనె చుట్టకపోతే మొక్క ఇక దక్కదు.

"నాన్న చేత్తో పెట్టిన ఆఖరి మొక్కండీ అది," అంది భార్య, కళ్ళు తుడుచుకుంటూ. "చుట్టి రండి. నాన్నలా జారుముడి వెయ్యండి. మీ పీటముళ్ళు విప్పలేక చస్తున్నాం."

పోనని ఎలా అంటాడు? అన్ని కోతలు కోసిన నోరాయె!

టార్చి, గోనె, పురికొస పట్టుకుని వెళ్ళాడు. లోపల చీమ చిటుక్కుమన్నా వినబడేలా ఉంది. గెల మీదికి వెలుగు తిప్పాడు. ఒక పండు — అతను చూస్తుండగానే — నిలువునా చీలింది. తొక్క మెల్లగా వెనక్కి వాలింది...

"మామయ్యగారూ... నేను... మీ అల్లుణ్ణి..."

పక్క పండు కూడా విచ్చుకుంది.

అంతే! గోనె ఓ పక్క, టార్చి ఓ పక్క పారేసి కాళ్ళకు బుద్ధి చెప్పాడు. ఆ గదికి ఉన్నది ఒక్కటే గుమ్మం. అక్కడ ఎవరినో గుద్దుకుని కెవ్వుమన్నాడు.

భార్యే! కడుపు పట్టుకుని నవ్వుతోంది.

"ఆ జాతే అంతండీ! పండితే దాని తొక్క అదే ఒలుచుకుంటుంది. దొంగలు రాకుండా దెయ్యం పుకారు పుట్టించింది నాన్నే. నాన్న పోయాక ఆ దెయ్యం ఆయనేనన్నారు జనం."

"ముందే చెప్పొచ్చుగా!"

"మీ ధైర్యమెంతో చూద్దామనీ..."

అతనికి తల కొట్టేసినట్టయింది. అయినా నవ్వాగలేదు. మొక్క పాడైపోతుందని గుర్తొచ్చి ఇద్దరూ గబగబా లోపలికి వెళ్ళారు.

టార్చి పడిన చోటే వెలుగుతోంది. గోనె మాత్రం నేల మీద లేదు.

మొక్క మొదలుకు పొందిగ్గా చుట్టి ఉంది. పురికొస చివర ఇంకా ఊగుతోంది...

భార్య నవ్వు ఠక్కున ఆగిపోయింది. "మీరే కట్టారా?" అంది గొంతు తగ్గించి.

"పారిపోతూ కడతానా?" అల్లుడు టార్చి తీసి ముడి మీదికి వెలుగు తిప్పాడు. "పైగా... చూడు... అది జారుముడి!"