నెమ్మదిగా మాట్లాడే ప్యాకేజీ

"ఆ స్పీచ్ ప్యాకేజీ రాసిన మహానుభావులు మీరేనా?"

తలెత్తి చూశాను. మా ఆఫీసు కింది ఫ్లోర్‌లో టెస్టింగ్ చేసే అమ్మాయి. ఆమె గొడుగులోంచి నీళ్లు నా కీబోర్డు మీద కారుతున్నాయి.

"నేనేనండీ," అన్నాను కాస్త గర్వంగానే. టైప్ చేసిన మాటను పైకి చదివి వినిపించే ఆ పైథాన్ ప్యాకేజీని తీరిక వేళల్లో రాసి, అందరూ ఊరికే వాడుకోమని నెట్‌లో పెట్టాను. మెచ్చుకోవడానికే వచ్చిందనుకున్నాను.

"కొత్త వెర్షన్‌లో నెమ్మదిగా మాట్లాడే ఆప్షన్ ఎందుకు తీసేశారు?"

"ఎవరూ వాడట్లేదనుకుని..."

"మా నాన్న వాడుతున్నారు! ఆపరేషన్‌లో గొంతు పోయింది ఆయనకి. ఇప్పుడు ఏం టైప్ చేసినా మీ ప్యాకేజీ ఎవరో తరుముతున్నట్టు గడగడా వాగుతోంది. విసుగొచ్చి టైప్ చేయడమే మానేశారు. ఇంట్లో నాతో మాట్లాడే మనిషే లేకుండా చేశారు కదండీ!"

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అనుకుంటూ ఆ సాయంత్రమే వానలో వాళ్లింటికి వెళ్లి పాత వెర్షన్ పెట్టాను. ఆయన చాలాసేపు టైప్ చేశారు.

"తడిసిపోయాడు పాపం. తువ్వాలు ఇవ్వమ్మా," అంది కంప్యూటర్ నిదానంగా.

ఆ అమ్మాయి నవ్వుతూనే ఏడ్చేసింది. నేను అక్కడే పడిపోయాను. ఇప్పటికీ లేవలేదు.

తర్వాత ప్రతి ఆదివారం ఏదో అప్‌డేట్ ఉందంటూ వెళ్లేవాణ్ని.

"బాబూ, అప్‌డేట్ ప్యాకేజీకా, మా అమ్మాయికా?" అని కంప్యూటర్ చేత అడిగించారు ఓసారి. ఆమె వంటింట్లోకి పారిపోయింది.

ఆయనకి పాత జబ్బు తిరగబెట్టింది. ఆస్పత్రి మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టించుకుని, ఒక్కో అక్షరమే నొక్కుతూ ఆయన ఆఖరుగా చెప్పించిన మాట, "వీణ్ని వదులుకోకే తల్లీ."

ఆయన పోయారు. చుట్టాలంతా వెళ్లాక ఆమె ఆ ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది.

"ఇందులోంచి మీ ప్యాకేజీ తీసేయండి."

"ఎందుకు?"

"నాన్న అసలు గొంతు గుర్తు రావట్లేదు. ఎంత తల్చుకున్నా మీ ప్యాకేజీయే మాట్లాడుతోంది. మిమ్మల్ని చూసినా అదే వినిపిస్తోంది. కొన్నాళ్లు... మీరూ రాకండి."

అన్‌ఇన్‌స్టాల్ కొట్టాను. నిజంగానే తీసేయాలా అని అడిగింది కంప్యూటర్. అవునని నొక్కడానికి నాకు చెయ్యి రాలేదు. ఆమే నొక్కింది.

మళ్లీ వెళ్లలేదు. లిఫ్టులో ఎదురుపడతానేమోనని మెట్లెక్కేవాణ్ని. బాధా? అబద్ధమెందుకు, చచ్చేంత. మేలు చేశాననుకున్నాను. తండ్రి అసలు గొంతు జ్ఞాపకాన్ని కూడా ఆమెకి లేకుండా చేశాను.

మళ్లీ వానలు మొదలయ్యాయి. ఒక పొద్దున ఫోన్ మోగింది.

"రాత్రి నాన్న కల్లోకొచ్చారు. అసలు గొంతుతో!"

"ఏమన్నారు?"

"తినకుండా పడుకున్నానని తిట్టారు. అదే విసురు, మధ్యలో అదే దగ్గు. అచ్చం ఆయనేనండీ!" వెక్కిళ్ల మధ్య నవ్వింది. ఇవతల నేనూ ఏడుస్తున్నాను.

"ఇంకేమన్నారు?"

"మీ ఊసే ఎత్తలేదు. ఆ మాట ఈసారి నేనే చెప్పాలి కాబోలు. వచ్చెయ్."